ముప్పై మందిని తినే మిషన్

అందరికీ ఏదో ఒక భయం ఉంటుంది. కొందరికి పామంటే భయం, కొందరికి దయ్యమంటే భయం. మా హన్మాండ్లు బావకు ఏ భయమూ లేదు, ఎందుకంటే ఆయనే ఒక భయం. నాకు మాత్రం ఒక మాటంటే భయం. 'తింటది' అన్న మాట. ఎవరైనా "మా బర్రె మంచిగ తింటది" అన్నా చాలు, నా మోకాళ్లు ఇప్పటికీ ఒకదానితో ఒకటి గుసగుసలాడుకుంటాయి. ఒకప్పుడు ఈ మాటను నేను ఎక్కడ పడితే అక్కడ పారేసి, సగం బాన్సువాడ తలుపులు వేసుకునేట్టు చేశాను. మా అక్క ఇంటికి కప్పు లేకుండా చేయబోయాను. ఆఖరికి ఒక తండాలో, జొన్నలు పోసుకునే చీకటి అర్రలో కూర్చుని, బతికి బయటపడితే ఎవరెవరికి కొబ్బరికాయలు కొట్టాలో లెక్క వేసుకున్నాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. మోకాళ్లు మీవి కావు కదా.

అప్పటికి నాకు ఇరవై దాటి కొన్నేళ్లయింది. సెల్‌ఫోన్లు ఇంకా పెద్దవాళ్ల జేబుల్లోనే ఉండే కాలం. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివానని చెప్పుకునేవాణ్ని. చదివిన మాట నిజం. పాసయ్యానని మాత్రం నేను ఎప్పుడూ, ఎవరితోనూ అనలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఒక ఫ్లైఓవర్ కట్టేచోట కొన్ని నెలలు ఉద్యోగం చేశాను. ఏం ఉద్యోగమంటే, ఇంజనీరుగారికి ఎండ తగలకుండా గొడుగు పట్టడం. ఊళ్లో మాత్రం 'సైట్ ఇంజనీర్' అని చెప్పాను. ఒకే గొడుగు కింద ఇద్దరం నిలబడ్డాం కనుక అందులో సగం నిజమే. ఒకనాడు గాలిదుమారం వచ్చి గొడుగు ఎగిరిపోయింది, దాని వెనకే ఉద్యోగం కూడా పోయింది. నేను తిరిగి వస్తూ తెచ్చుకున్న ఆస్తి ఒక పసుపు హెల్మెట్, నడుముకు తగిలించుకునే ఒక కొలత టేపు.

మా సులోచనక్కను బాన్సువాడలోనే ఇచ్చారు. బావకు ఊరి చివర వరి, చెరకు పండే భూమి ఉంది. మనిషి మంచివాడే, కానీ ఆ సంగతి ఆయన మీసానికి తెలియదు. మాట తక్కువ. కోపం వస్తే ఆ కాస్తా ఉండదు, ఊరికే చూస్తాడు. ఆ చూపు ముందు నేను చేయని తప్పులు కూడా ఒప్పుకునేవాణ్ని.

కిందటి వానలకు వాళ్ల పాత పెంకుటిల్లు ఒక పక్క కూలింది. బావ అక్కడే కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, సెంట్రింగ్ కొట్టారు, ఇనుప సలాక కట్టారు. ఇక స్లాబు పోయడమే మిగిలింది. అప్పటిదాకా అక్క, చంటిపిల్ల, అక్క అత్తగారు, బావ అందరూ పక్కనే రేకుల షెడ్డులో ఉన్నారు. పైన మబ్బులు రోజూ వచ్చి, ఇంటిని చూసుకుని పోతున్నాయి. స్లాబు అంటే మీకు తెలుసు కదా, దోసె కాదు, సగం ఇవాళ, సగం రేపు పోయడానికి. మొదలుపెడితే ఒక్క రోజులో అయిపోవాలి. కంకర కలిపే మిషన్ బాన్సువాడలోనే దొరుకుతుంది. కలిపిన మాల్‌ను తట్టల్లో పైకి అందించే మనుషులే దొరకరు. కనీసం ముప్పై మంది కావాలి.

మనుషులేమయ్యారంటారా? మేస్త్రీలు సగం మంది దుబాయిలో ఉన్నారు. అక్కడ ఎవరివో ఆకాశమంత మేడలు కడుతూ, ఇక్కడ తమ ఇంటి గోడకు సున్నం వేసే మనిషి దొరకడం లేదని పెళ్లాల మీద ఫోన్లో అరిచేవారు. మిగిలినవాళ్లు నాట్లలో ఉన్నారు. కాలువకు నీళ్లు వదిలారంటే బాన్సువాడలో కూలి మనిషిని పట్టుకోవడం కంటే చేపను చేత్తో పట్టుకోవడం తేలిక. అలాంటి రోజుల్లో బావ బతిమాలి, బామాలి (ఆయన బతిమాలడం నేను చూడలేదు, విన్నాను) దగ్గర్లోని తండా నుంచి సక్కుబాయి జట్టును ఒప్పించాడు. సక్కుబాయి జట్టు అంటే ఆ చుట్టుపక్కల పేరు. నాట్లు ఒక రోజు ఆపి, బేస్తవారం నాడు వచ్చి స్లాబు పోస్తామంది. ఇక మిగిలింది మాట ఖాయం చేసుకోవడమే.

ఖాయం చేసుకోవడానికి బస్టాండు దగ్గర పోశెట్టి హోటల్లో కూర్చున్నాం. బావ, గంగారాం మేస్త్రి, సక్కుబాయి, పక్కన హెల్మెట్‌తో నేను. హోటల్లో హెల్మెట్ ఎందుకని అడగకండి. అంతలో ఇసుక ట్రాక్టరు వచ్చిందని ఎవరో పిలిస్తే బావ లేచి వెళ్లాడు. ఆయన కూర్చుని ఉంటే నా నోరు లేచేది కాదు.

"స్లాబునాడు యాట కొయ్యాలె. చిన్నది కాదు, మంచి యాట," అంది సక్కుబాయి. స్లాబు పోసిననాడు మేకపోతును కోసి జట్టుకు భోజనం పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఆమె అడిగింది న్యాయమే. కానీ ఆమె నా వంక ఒక్కసారి కూడా చూడకుండా అడిగింది. సైట్ ఇంజనీరు పక్కనే ఉండగా మేస్త్రితో మాట్లాడింది. అది నాకు కాలింది.

"అక్కా, మీరు గింత గీర చేస్తే ఎట్ల? ఇగ రేపురేపు మీతోని పనే ఉండది. హైదరాబాద్‌ల రోబో వచ్చింది," అన్నాను.

"రోబో అంటే ఏందన్నా?" అన్నాడు పోశెట్టి, టీ వడపోస్తూ.

"మిషన్. లారీ అంత ఉంటది. దానికి ఏనుగు తొండం లెక్క ఒక చెయ్యి. మలుసుకొని పండుకుంటది. లేపినమంటే మూడంతస్తులు ఎక్కుతది. నడిపేటోడు కడుపుకు ఒక పెట్టె కట్టుకొని దూరంకెల్లి ఆడిస్తడు. దగ్గరికి పోడు."

"ఎందుకు పోడు?" అన్నాడు గంగారాం.

"పోతే పాణానికే డేంజర్."

నేను చెప్పిందంతా నిజమే. ఫ్లైఓవర్ దగ్గర అలాంటి బండిని కళ్లారా చూశాను. కాంక్రీటును తొండంలోంచి పైకి తోసే బండి. దాన్ని మొదటిసారి చూసి నేను నోరు తెరిస్తే, గొడుగు కిందున్న ఇంజనీరుగారు "ఇది ముప్పై మంది పని తింటదిరా" అన్నారు. ఆ వాక్యాన్ని నేను అప్పటినుంచి ఎవరో ఒకరికి వడ్డించాలని దాచుకున్నాను. ఇప్పుడు వడ్డించాను.

"ఒక్క స్లాబుకు ముప్పై మందిని తింటది!"

చూశారా, ఒక్క మాట తగ్గింది. 'పని' అన్న మాట. పుట్టిన దగ్గర్నుంచి పని తప్పించుకు తిరిగినవాణ్ని, మాటల్లో కూడా తప్పించాను.

"మనుషులనా?" అన్నాడు పోశెట్టి.

"మరి బర్లనా? లేబర్‌ను. ఆడోళ్లు, మగోళ్లు అని సూడది. గుటుక్కున మింగుతది."

"మరి యాట?" అంది సక్కుబాయి.

"యాట ఎందుకక్కా? గా ముప్పై మంది ఉంటే గదా యాట! ఆళ్లే ఉండరాయె."

పోశెట్టి చేతిలో టీ ధార గ్లాసు దాటి బల్ల మీద పడుతోంది. ఆశ్చర్యం అనుకున్నాను.

"గిప్పుడది ఏడున్నది?" అన్నాడు గంగారాం, గొంతు తగ్గించి.

"ఏడుంటే ఏంది? ఫోన్ కొడితే ఉరికొస్తది. మా బావ స్లాబుకే తెస్త. మీరందరు రావాలె. ముందటనే నిలబెడ్త."

సక్కుబాయి టీ సగంలోనే వదిలి లేచి వెళ్లిపోయింది. ఆమె గీర దిగిపోయిందని నేను మీసం దువ్వుకున్నాను. మీసం లేదనుకోండి, ఉన్నచోట దువ్వాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. పోశెట్టి హోటల్లో నోరు జారితే మాత్రం అది బిచ్కుంద అంగడి దాకా జారి, అక్కడ కూరగాయల మధ్య బలిసి, ఇంకింత పెద్దదై తిరిగి వస్తుంది. మర్నాటికల్లా ఆ మిషన్ బొంబాయి నుంచి బయలుదేరింది. మద్నూర్ దగ్గర లారీల వరసలో తాడిపత్రి పట్టా కప్పుకుని పడుకుని ఉందట, చూసినవాళ్లే చెప్పారట. దానికి నాట్ల కాలంలోనే ఆకలట. హన్మాండ్లు బామ్మర్ది, అంటే నేను, దానికి మనుషులను చూసి పెట్టే ఏజెంటట. ఈ చివరి ముక్క ఒక్కటి తప్ప మిగతావన్నీ నా చెవిన కూడా పడ్డాయి. వేరే ఏదో మిషన్ గురించి అనుకున్నాను.

అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది ఏమిటంటే, ఆ రెండు రోజులూ నా జీవితంలో అంత మర్యాద నాకు ఎప్పుడూ జరగలేదు. నేను రోడ్డు మీద కనబడితే జనం పక్కకు తప్పుకున్నారు. పిల్లలు ఆట ఆపి ఇళ్లలోకి పరుగెత్తారు. చదువుకున్నవాడంటే ఇదీ అనుకున్నాను.

మా వీధి చివర రాజవ్వ నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "బిడ్డా నర్సింలూ, నాకు ఒక్కగానొక్క మనవడురా," అంది.

"గంతేనా అవ్వా? ఫికర్ చెయ్యకు. ఆణ్ని అందరికంటే ముందట నిలబెడ్త!" అన్నాను, పెద్దరికంగా.

రాజవ్వ అక్కడే గడప మీద కూలబడింది. ఆనందం అనుకున్నాను.

పోశెట్టి అయితే టీ తెచ్చి నా ముందు పెట్టి, మూడడుగులు వెనక్కి వేశాడు. "అన్నా, మా ఇంట్ల అందరం సన్నగనే ఉంటమే. కండ ఉండది," అన్నాడు.

"సన్నగుంటే ఏంది, లావుంటే ఏంది పోశెట్టీ? మిషన్‌కు గా ఫరక్ ఉండది," అని భుజం తట్టాను.

స్లాబుకు ముందు రోజు పొద్దున బావ నన్ను పిలిచాడు. ఇసుక కుప్ప ఉంది, కంకర కుప్ప ఉంది, సిమెంటు బస్తాల మీద తాడిపత్రి కప్పి ఉంది. మనిషి జాడ లేదు. గంగారాం మేస్త్రికి అత్త చనిపోయిందట. ఆమె అంతకు ముందు కూడా ఒకటి రెండుసార్లు చనిపోయింది, కానీ ఈసారి మేస్త్రి ఫోన్ కూడా ఎత్తలేదు. ఇసుక ట్రాక్టరు డ్రైవరు కబురు తెచ్చాడు.

"సక్కుబాయి జట్టు రాదంట పటేలా."

"ఎందుకు రాదంట?"

డ్రైవరు నన్ను చూశాడు, ట్రాక్టరు ఎక్కాడు, స్టార్ట్ చేశాడు, అప్పుడు చెప్పాడు. "నర్సింలును అడగాల్నంట."

బావ నా వంక చూశాడు.

"ఫి... ఫికర్ చెయ్యకు బావా. రోబోను పిలుస్త," అని ఒక్క పరుగున ఎస్‌టీడీ బూతుకు వెళ్లాను. నన్ను చూసి బూతులో ఉన్నవాడు ఫోను అక్కడే వేలాడదీసి వెళ్లిపోయాడు. హైదరాబాద్‌లో నాతోపాటు పనిచేసిన శీనుకు ఫోన్ చేశాను.

"ఒరేయ్ శీనూ, మన తొండం బండిని రేపు బాన్సువాడ పంపాలెరా."

"ఎన్నంతస్తులు?"

"ఒక్కటే. రెండర్రలు, ఒక వసారా."

శీను నవ్వు మొదలుపెట్టాడు. మీటరు తిరుగుతోంది, వాడు నవ్వుతున్నాడు. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమారా? గా బండి మీ గల్లిలకు రావాలంటే ముందుగాల గల్లి మొత్తం కూలగొట్టాలె. అయినా గొడుగు పట్టెటోనికి బండెవడు ఇస్తడ్రా?"

ఫోను పెట్టేశాను. మిషన్ లేదు. మనుషులు లేరు. ఉన్నదల్లా నేను, నా హెల్మెట్, పైన ఒక నల్లటి మబ్బు. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఒక చిన్న జల్లు పడి ఆగింది. అక్క చంటిదాన్ని ఎత్తుకుని, రేకుల సందులోంచి నీళ్లు పడని చోటు వెతుక్కుంటూ మూల నుంచి మూలకు జరుగుతోంది. "తమ్మీ, నాకు రోబో వద్దు, గీబో వద్దురా. నెత్తి మీద ఇంత కప్పు ఉంటే సాలు," అంది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ ముందుకు లాక్కుని ఏడ్చాను.

బావ మాత్రం ఎప్పుడూ లేనంత మాట్లాడాడు.

"మిషన్ రాలె. మనుషులను పోగొట్టినవ్. తండకు పోయి తోల్కరా. రేపు పొద్దుగాల సెంట్రింగ్ మీద మాల్ అన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె."

నేను సెంట్రింగ్ మీద ఎందుకుండాలో, ఎలా ఉండాలో ఆయన చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

బావ మోపెడ్ తీసుకుని తండాకు బయలుదేరాను. వాన జల్లుకు హెల్మెట్ పెట్టుకున్నాను, టేపు నడుముకు అలాగే ఉంది. తండా మొదట్లోనే కుక్కలు ఎదురొచ్చాయి. వాటి వెనక పిల్లలు నన్ను చూసి "మిషనాయన! మిషనాయన!" అని అరుస్తూ పారిపోయారు. నాట్ల నుంచి అప్పుడే తిరిగి వచ్చినవాళ్లు ఇళ్ల ముందుకు వచ్చి నిలబడ్డారు. అందరూ నన్నే చూస్తున్నారు.

అప్పుడు నేను చేసిన పని గురించి చెబితే మీరు నమ్మరు. భయంలో బుర్ర పనిచేయక, ముందు మనుషులు సరిపోతారో లేదో చూద్దామని, వేలు చాపి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఒకటి... రెండు... మూడు..."

మా దగ్గర కోళ్లను లెక్కపెడతారు, మేకలను లెక్కపెడతారు. మనుషులను వేలు పెట్టి లెక్కపెడితే అరిష్టమంటారు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పదో పన్నెండో వచ్చేసరికి నా చుట్టూ వలయం కట్టారు. ఒకాయన నా వేలును పట్టుకుని కిందికి వంచాడు.

సక్కుబాయి ముందుకు వచ్చింది. "ఏం లెక్క చేస్తున్నవ్ పిలగా?"

"ముప్పై మంది ఉన్నరా, లేరా అని అక్కా."

గుంపులో కలకలం లేచింది. నేను సర్దబోయాను.

"భయపడకుండ్రి. ముప్పై మంది లేకుంటే ఏంగాదు. తక్కువ పడితే బిచ్కుందకెల్లి తెస్త."

కలకలం ఇంకా పెద్దదైంది.

"గా టేపు ఎందుకు?" అన్నాడు నా వేలు పట్టుకున్నాయన.

"ఊకెనే అన్నా. కొలుస్తా అని."

"ఎవల్ని?"

నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్లి జొన్నలు పోసుకునే అర్రలో కూర్చోబెట్టి, బయట గొళ్లెం పెట్టారు. ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే ఎంత కొడతారో తెలిసిపోయేది, ఆ ఫికర్ తీరిపోయేది. అర్రలో జొన్నల వాసన. మూలలో ఒక ఎలుక నన్ను చూసి, నాకన్నా ధైర్యంగా కూర్చుంది. బయట వాళ్ల భాషలో పెద్దగా మాట్లాడుకుంటున్నారు. నాకు అర్థమైనవి రెండే మాటలు. ఒకటి 'మిషన్', రెండోది 'తీస్'. తీస్ అంటే ముప్పై అని ఉర్దూ పుణ్యమా అని నాకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేది!

అప్పుడే, దేవుడి దయవల్ల, పోశెట్టి గుర్తొచ్చాడు. 'మా ఇంట్ల అందరం సన్నగనే ఉంటమే. కండ ఉండది.' తర్వాత రాజవ్వ గుర్తొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని. వాళ్ల వెనకే పిల్లలు, ఎస్‌టీడీ బూతువాడు, గంగారాం చచ్చిన అత్త, అందరూ వరసగా కళ్ల ముందు నడిచారు. నేను అన్నదేమిటో నాకే అప్పుడు వినిపించింది. లేచి తలుపు మీద రెండు చేతులతో బాదాను.

"పని! పని అక్కా! ముప్పై మందిని కాదు! ముప్పై మంది పని! మనుషులను తినది, పని తింటది!"

గొళ్లెం తీశారు. సక్కుబాయి గడపలో నిలబడి ఉంది.

"మల్ల జెప్పు."

"నోరు జారిందక్కా. 'పని' అన్న మాట మింగిన. ముప్పై మంది చేసే పని గా మిషన్ ఒక్కటే చేస్తది. గంతే. ఎవల్నీ తినది. ఒట్టు!"

వాళ్లు పగలబడి నవ్వుతారనుకున్నాను. వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. సక్కుబాయి నవ్వలేదు.

"మనుషులను తింటదంటే మా తండల సగం మంది అప్పుడే నవ్విండ్రు పిలగా. గసుంటి మిషన్ ఏడన్న ఉంటదా? నువ్వు యాట లేదన్నవని, లేబరే వద్దన్నవని కోపానికొచ్చి రామన్నం. నువ్వొచ్చి వేలువెట్టి లెక్కవెడితే గప్పుడు భయమైంది. గిప్పుడు ఇంకింత భయమైతుంది."

"ఎందుకక్కా? తినదని చెప్పిన గదా."

"పని తింటదంటున్నవ్ గదా. మనుషులను తింటే ముప్పై మందే పోతరు. పని తింటే తండ మొత్తం పోతది."

ఈ కథ చెబుతూ నేను ఎన్నోసార్లు నవ్వాను, నలుగురిని నవ్వించాను. ఈ చోట మాత్రం నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు. ఆ జొన్నల అర్ర గడపలో, అప్పటిదాకా నా ప్రాణం గురించి భయపడ్డవాణ్ని, మొదటిసారి ఇంకొకరి భయం చూసి భయపడ్డాను.

"గా మిషన్ ఈడికి వస్తదా?" అంది.

"రాదక్కా. మా గల్లిల పట్టది. నాకు ఇయ్యరు గూడ."

"ఎప్పటికన్న?"

అబద్ధం చెప్పాలనే అనిపించింది. హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాను. "ఎప్పటికన్న వస్తదేమో అక్కా. రేపైతే రాదు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. బావ చూపుకూ ఈ చూపుకూ ఒక తేడా ఉంది. ఈ చూపుకు నేను తలెత్తగలిగాను.

"అయితే రేపు మేమొస్తం," అంది. "యాట పెద్దగుండాలె. ఇగ ఒక మనిషి తక్కువున్నడు. గా మనిషివి నువ్వే. తట్ట ఎత్తాలె."

"నేను ఇంజనీ..." అని మొదలుపెట్టి, అర్రవైపు చూసి, "ఎత్తుతా అక్కా" అన్నాను.

మర్నాడు తెల్లవారుతూనే జట్టు దిగింది. సక్కుబాయి చెప్పి పంపిందేమో, గంగారాం కూడా వచ్చాడు. "మా అత్తకు జర నయమైంది," అన్నాడు. కొబ్బరికాయ కొట్టి, బావ మొదటి తట్ట పోశాడు. కింద కంకర కలిపే మిషన్ దగ్గర నుంచి చెక్కల మెట్ల మీదుగా పైదాకా మనుషులు వరసగా నిలబడ్డారు. తట్ట ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఆగకుండా పైకి పాకింది. ఆ వరస మధ్యలో నేను. ఆకాశం పొద్దస్తమానం ఉరుముతూనే ఉంది. ప్రతి ఉరుముకూ నా చేతిలో తట్ట ఊగింది. ఊగినప్పుడల్లా పైనుంచి బావ చూశాడు. ఆ చూపుకు భయపడి ఎత్తాను, ఆ ఉరుముకు భయపడి ఎత్తాను. రేకుల కింద నుంచి అక్క మాటిమాటికీ మబ్బును చూస్తుంటే ఆమె కోసం భయపడి ఎత్తాను. మధ్యాహ్నానికి నా చేతులు ఎవరివో అయిపోయాయి. సిమెంటు అంటి వేళ్లు మండుతున్నాయి. నా ముందు నిలబడ్డ ముసలామె తట్ట అందిస్తూ, "గట్టిగ పట్టు, మిషనాయనా!" అనేది, అందరూ నవ్వేవారు.

పొద్దుగూకే ముందు ఆఖరి తట్ట పైకి చేరింది. గంగారాం చివరి మూల చదును చేసి చేయి ఎత్తాడు. మబ్బులు ఇంకా కాసేపు ఓపిక పట్టాయి. స్లాబు కాస్త గట్టిపడ్డాక సన్నగా జల్లు మొదలైంది. "ఇగ పడనీ. మనం నీళ్లు కొట్టే పని తప్పింది," అన్నాడు మేస్త్రి. అక్క చంటిదాన్ని ఎత్తుకుని కొత్త స్లాబు కింద, సెంట్రింగ్ కర్రల మధ్య నిలబడి పైకి చూసింది. ఒక్క చుక్క కూడా పడలేదు. ఆమె కళ్లలోంచి మాత్రం పడింది.

తర్వాత భోజనాలు. బావ నిజంగానే పెద్ద యాటను కోయించాడు. అందరం షెడ్డులో వరసగా కూర్చున్నాం. నేను ఎంత తిన్నానో నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పారు. రెండు రోజుల భయం, ఒక రోజు తట్టలు, వాటి ఆకలి అంతా ఒక్కసారే వచ్చింది. వడ్డించేవాడు రావడం, నేను పెట్టించుకోవడం, వాడు పోవడం, నేను పిలవడం. కాసేపటికి ఎందుకో షెడ్డంతా నిశ్శబ్దంగా ఉందనిపించి తలెత్తాను. జట్టు మొత్తం తినడం ఆపి నన్నే చూస్తోంది. గరిటె పట్టుకున్నవాడు ఖాళీ గిన్నె అడుగు చూపిస్తున్నాడు.

నా ఎదురుగా బావ లేచి నిలబడ్డాడు. నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"బామ్మర్దీ," అన్నాడు. "ముప్పై మంది బువ్వ తినే మిషన్ తెస్తనంటే నమ్మకపోతిమి గదరా. నిన్నే తోల్కొచ్చినవ్!"

మా బావ నవ్వగా నేను చూడటం అదే మొదలు. నవ్వుతున్నప్పుడు ఆ మీసం కూడా మంచిదిగానే కనబడింది. సక్కుబాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి బాన్సువాడలో నన్ను నర్సింలు అని పిలిచినవాడు లేడు. పెళ్లి శుభలేఖలు కూడా 'రోబో అన్నకు' అని వస్తాయి. రాజవ్వ ఒక్కతే ఇప్పటికీ నన్ను చూస్తే మనవణ్ని లోపలికి పిలుస్తుంది. వాడికి మీసాలొచ్చాయి.

కనుక, సమస్త బాన్సువాడ ప్రజలకు, ముఖ్యంగా సన్నగా ఉన్న పోశెట్టి కుటుంబానికి, నేను వినయపూర్వకంగా ప్రమాణం చేసి చెప్పేది ఏమంటే: ఇక ఈ జన్మలో ఏ మిషన్ గురించీ ఏ హోటల్లోనూ నోరు విప్పను. విప్పవలసి వస్తే, అది ఏం తింటుందో ముందు చెప్పి, ఆ తర్వాతే తింటుందని చెబుతాను. మనుషులను వేలు పెట్టి లెక్కించను. ఈ ప్రమాణం ఎవరి మీద ఒట్టు అంటారా? ఆ స్లాబునాటి యాట మీద ఒట్టు. పాపం, నా మాటకు నిజంగా బలైపోయింది అదొక్కటే.